పిల్లలతో పులి అడవికి

హైదరాబాద్ నుంచి కారులో ఒక్క పగటిలో చేరుకోగల పులి అడవుల్లో చెప్పుకోదగ్గది తడోబా. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంది. 1955లో జాతీయ పార్కు అయింది. ఆ రాష్ట్రంలో అన్నిటికంటే పాతది ఇదే. ఆనుకుని ఉన్న అంధారి అభయారణ్యం 1986లో ఏర్పడింది, తర్వాత రెండూ కలిసి టైగర్ రిజర్వు అయ్యాయి. జీపులు తిరిగే కోర్ ప్రాంతం, చుట్టూ బఫర్ అడవి కలిపితే 1,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. టేకు, వెదురు, నల్లమద్ది, ఇప్ప, తునికి. ఆదిలాబాద్ అడవులు చూసినవారికి ఇక్కడ కొత్త చెట్టంటూ పెద్దగా కనిపించదు. నిజానికి ఆ అడవీ ఈ అడవీ దూరపు చుట్టాలేమీ కావు. తడోబా వైపు పులులు కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లోకి నడిచి వస్తూనే ఉంటాయి. వాటికి టోల్‌గేట్లు లేవు, వెనక సీట్లో పిల్లలు లేరు. ఈ రెండూ ఉన్న కుటుంబానికి మాత్రం నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త ముందుచూపు కావాలి.

మొదట తేల్చుకోవలసింది ఎప్పుడు వెళ్ళాలన్నది. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా, కోర్ ప్రాంతం మూసి ఉంటుంది. తెరిచి ఉండే నెలల్లోనూ మంగళవారం సెలవు. ఏప్రిల్, మే నెలల్లో కుంటలు ఎండిపోతాయి, టేకు ఆకు రాలిపోతుంది, మిగిలిన కాసిని నీళ్ళ దగ్గరికి ప్రతి జంతువూ రాక తప్పదు. పులి కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. బడి సెలవులూ అప్పుడే. రెండూ కలిసొచ్చాయని సంబరపడే తల్లిదండ్రులు మూడో సంగతి మరిచిపోతారు: చంద్రపూర్‌లో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలు, సఫారీ జిప్సీకి టాపు ఉండదు. చిన్నపిల్లలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. దసరా సెలవుల్లో వెళ్తే గడ్డి ఏపుగా ఉండి పెద్ద జంతువులు అంతగా కనపడవు గాని, అరచేయంత సాలెపురుగులు చెట్టుకీ చెట్టుకీ మధ్య గూళ్ళు కట్టి వేలాడుతుంటాయి. ఆరేళ్ళవాడికి అది తక్కువ దృశ్యం కాదు.

రెండోది టికెట్లు. సఫారీ బుకింగ్ మహారాష్ట్ర అటవీశాఖ వెబ్‌సైటులో, గేటు వారీగా జరుగుతుంది. మొహర్లీ, కొలారా, నవేగావ్ లాంటి గేట్లు చాలా ఉన్నా, తెలంగాణ వైపు నుంచి వచ్చేవారికి చంద్రపూర్‌కు 30 కిలోమీటర్ల దూరంలోని మొహర్లీయే సుళువు. సెలవు రోజుల టికెట్లు చాలా ముందుగానే అయిపోతాయి. బుకింగ్‌లో రాసిన పేరు, గుర్తింపు కార్డులోని పేరు ఒకటే కావాలి కాబట్టి పిల్లల ఆధార్ కార్డులు కూడా వెంట ఉండాలి. ఇంట్లో బుజ్జి అని పిలిచినంత మాత్రాన గేటు దగ్గర బుజ్జి అంటే ఒప్పుకోరు. బస గేటుకు ఎంత దగ్గరైతే అంత మంచిది. చిన్నపిల్లలున్నవారికి ఒక ఉదయం సఫారీ, ఒక సాయంత్రం సఫారీ చాలు. ఒక్కొక్కటీ దాదాపు నాలుగు గంటలు. డబ్బులు పెట్టి వస్తున్నాం గదా అని నాలుగు సఫారీలు బుక్ చేసుకునేవారు మూడోదానికి నిద్రపోయే పిల్లల్ని మోసుకెళ్తారు, నాలుగోదానికి తల్లిని, పిల్లల్ని గదిలో వదిలి తండ్రి ఒక్కడే వెళ్తాడు.

ఇక బయల్దేరడం. తెలుగు కుటుంబాల ప్రయాణ శాస్త్రంలో ‘తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే టిఫిన్ల వేళకి నిర్మల్ దాటేస్తాం’ అనే సూత్రం తరతరాలుగా చెక్కుచెదరకుండా ఉంది. దీన్ని ప్రకటించేది ఇంటి పెద్ద. అంతకు ముందు రాత్రి పదకొండింటి దాకా సంచులు సర్దేది ఆయన కాదు. నాలుగింటికి అలారం మోగుతుంది. నాలుగున్నరకు గీజరు దగ్గర వరుస. అయిదింటికి పాల ప్యాకెట్టు వద్దని చెప్పలేదన్న సంగతి గుర్తొస్తుంది. అయిదుంపావుకు దేవుడి గదిలో దీపం, కింద కారు చక్రాల కింద నిమ్మకాయలు. పెద్దపిల్లకు ఒక బూటే దొరుకుతుంది. చిన్నవాడు అప్పుడే లేచి, తాను ఎక్కడికీ రానని ప్రకటిస్తాడు. బండి కదిలేసరికి ఆరూ నలభై. అక్కణ్ణించి మేడ్చల్ దాకా కారులో ఎవరూ ఎవరితో మాట్లాడరు. నిద్ర చాలని డ్రైవరు, నిద్ర చెడిన పిల్లలు, నిద్రే పోని తల్లి. ఇంతమంది ఉసురు పోసుకున్న ఆ సూత్రం మీద ఇప్పటికీ ఎవరూ తిరగబడలేదు. ఏడింటికి, పిల్లలు ఇడ్లీ తిన్నాక, వెలుతురులో బయల్దేరడం నామోషీ ఏమీ కాదు. లోకంలో ఎవరూ మార్కులు వేయడం లేదు.

దూరాన్ని కిలోమీటర్లలో కాక మజిలీలలో లెక్క వేయాలి. 400ను 80తో భాగించి అయిదు గంటలని చెప్పే లెక్క కారుకు సరిపోతుంది, కారులో ఉన్నవారికి కాదు. రెండు గంటలకు ఒకసారి ఆగితే పిల్లలు తట్టుకుంటారు. ఆ లెక్కన ప్రయాణం తొమ్మిది, పది గంటలు. 44వ జాతీయ రహదారి మీద కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్, ఆదిలాబాద్ వరసగా వస్తాయి. నిర్మల్‌కు ముందు సోన్ దగ్గర గోదావరి వంతెన. నది పేరు చెప్పి చూపిస్తే పిల్లలు కిటికీలకు అతుక్కుంటారు. నిర్మల్‌లో బైపాస్ వదిలి ఊళ్ళోకి వెళ్ళి కొయ్యబొమ్మలు చేసేచోట అరగంట ఆగాలి. తేలికైన పొణికి కర్రను చెక్కి, ముక్కల్ని చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు, ఆ పైన రంగులు. బొమ్మలు కొనడం ఎలాగూ తప్పదు గనక వెళ్ళేటప్పుడే కొనాలి, తిరిగొచ్చేటప్పుడు కాదు. జింక, పులి చేతిలో ఉంటే మిగిలిన దారి సగం వాటి యుద్ధంతోనే గడుస్తుంది. ఆదిలాబాద్ తర్వాత రహదారి వదిలి కోర్పణ, గడ్చందూర్, రాజురా మీదుగా వెళ్ళాలి. సిమెంటు ఫ్యాక్టరీలు, బొగ్గు గనులున్న ప్రాంతం. లారీల వెనక లారీలు. అప్పటిదాకా సాగిన వేగం ఇక్కడ సాగదు, సాగించకూడదు కూడా. కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా ఇంకో దారి ఉంది. అదీ చివరికి రాజురాకే చేరుతుంది.

కారులో కూర్చునే తీరు గురించి చట్టమే చెప్తోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల సీటు గాని ఉండి తీరాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ముందు సీట్లో తాతయ్య ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకోబోయే మనవడు ఫోటోకు బాగుంటాడు, రోడ్డుకు పనికిరాడు. వాంతుల సంగతి వేరు. లోపలి చెవి కదలికను పసిగడుతుంది, ఫోను మీద నిలిచిన కళ్ళు కదలిక లేదంటాయి. ఈ రెంటి తగాదా పొట్ట మీదికొస్తుంది. ఏడ్వకుండా ఉంటారని చేతికిచ్చిన ఫోనే చాలాసార్లు అసలు కారణం. కిటికీ కాస్త దించి దూరంగా చూడమనడం, పొట్ట నిండా పాలు పట్టకపోవడం మేలు. అయినా రెండు ప్లాస్టిక్ కవర్లు, ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతికందేచోట ఉంచాలి.

తిండి విషయంలో పెద్దలకు చెప్పవలసింది తక్కువ. పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపితే మధ్యాహ్నానికి పులవదు. జంతికలు, సున్నుండలు, అరటిపళ్ళు. మహారాష్ట్రలోకి దిగాక పొద్దుటి పూట ఎక్కడైనా పోహా దొరుకుతుంది. విదర్భలో దాని మీద పోసే ఎర్రటి తర్రీ పిల్లల నాలుకకు మంట, పోయొద్దని ముందే చెప్పాలి.

ఇక అసలు సంగతి. సఫారీకి గేటు తెల్లవారగానే తెరుస్తారు. డిసెంబరులో అయిదున్నరకు మొహర్లీ దగ్గర జిప్సీల బారు, వాటిలో రగ్గులు కప్పుకున్న మూటలు. ఆ మూటలే పిల్లలు. టాపు లేని బండిలో చలిగాలి కోస్తుంది గనక స్వెట్టరు, మంకీ క్యాపు, పైన దుప్పటి కావాలి. ఎండెక్కే కొద్దీ ఒక్కొక్కటీ విప్పవచ్చు. తెలుపు, మెరిసే రంగులు కాకుండా మట్టి రంగు, ఆకుపచ్చ మేలు. అడవిలో అనుమతించిన చోట తప్ప దిగడానికి వీల్లేదు కాబట్టి బాత్‌రూమ్ వ్యవహారం గదిలోనే పూర్తి కావాలి. వద్దన్న పిల్లల్ని కూడా ఒకసారి పంపాలి. కోర్‌లోకి సెల్‌ఫోన్లు అనుమతించరు. ఈ నిబంధన పెట్టినవారికి తల్లులు రుణపడి ఉన్నారు. నాలుగు గంటలపాటు భర్త తల ఎత్తి చూసే సందర్భాలు సంసారంలో తరచు రావు.

ఈ ప్రయాణాన్ని పాడుచేసేది రోడ్డు కాదు, చలి కాదు, ‘పులి కనపడిందా?’ అన్న ప్రశ్న. ఎదురొచ్చే జిప్సీ వాళ్ళు అడుగుతారు. గేటు దగ్గర టీ పోసేవాడు అడుగుతాడు. రిసార్టులో రొట్టెలు వడ్డించే మనిషి, ఊరు చేరాక అపార్ట్‌మెంటు వాచ్‌మన్, బడిలో టీచరమ్మ, ఫోనులో పిన్ని. కనపడలేదంటే ఒక జాలి చూపు, ‘అయ్యో, అంత దూరం వెళ్ళీ!’ అన్న ఓదార్పు. పరీక్ష తప్పిన కుర్రాణ్ణి కూడా లోకం ఇంతగా ఓదార్చదు. కనపడిందంటే రెండో ప్రశ్న: ‘ఎంత దగ్గరగా?’ ఇలా రెండు రోజుల అడవి ఒక్క జంతువుకు, ఆ జంతువు కొన్ని మీటర్లకు కుదించుకుపోతుంది. దీని మోజులో జిప్సీలు ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు దుమ్ము రేపుతూ పరుగెత్తుతాయి. మాట్లాడబోయిన పిల్లవాడికి నాలుగు వైపుల నుంచి ‘ష్’. చివరికి డజను బండ్ల మధ్య, వెదురు పొదల వెనక, చెవి ఒకటి కదులుతుంది. తండ్రి పరవశిస్తాడు. భుజాలెత్తు పిల్లవాడికి కనిపించేది ముందు బండిలో అంకుల్ వీపు. పులికే పది వేటల్లో తొమ్మిది తప్పిపోతాయంటారు. టికెట్టు కొన్నవాడికి అంతకంటే మంచి లెక్క ఎందుకుండాలి?

పిల్లలు చూసేవి వేరే ఉంటాయి, వాటికి గైడును అడిగి బండి ఆపించాలి. నల్లమద్ది చెట్టు బెరడు మొసలి వీపులా ఉంటుంది. అదే పొద్దున తడోబా చెరువు గట్టున నిజం మొసలి కూడా కనిపిస్తే పోల్చి చూసుకోవచ్చు. తపసి చెట్లు తెల్లగా, నున్నగా, బట్టలు విప్పుకున్నట్టు నిలబడతాయి. మనుబోతులు, అడవి దున్నలు, ముంగిస, గుంపుగా తిరిగే రేచుకుక్కలు. అన్నిటికంటే ఎక్కువసేపు చూడదగ్గవి కొండముచ్చులు, దుప్పులు. కొండముచ్చులు చెట్టు మీద కూర్చుని చిగుళ్ళు సగం తిని సగం పారేస్తాయి. కింద దుప్పులు ఆ పారేసినవి తింటాయి. పైవాటికి చూపు దూరం, కిందివాటికి వాసన దూరం. పులి గాని చిరుత గాని కదిలితే పైనుంచి కొండముచ్చు దగ్గినట్టు కేక వేస్తుంది, దుప్పులు తోకలెత్తి బిగుసుకుపోతాయి. దుప్పి ఒక్కోసారి ఉత్తపుణ్యానికి బెదురుతుంది. కణుతి మాత్రం ఊరికే అరవదు, అది అరిచిందంటే గైడు మాట ఆపేస్తాడు. ఈ పహరా పద్ధతి ఒకసారి చెప్తే ఆరేళ్ళ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. తర్వాత ప్రతి అరుపుకూ అర్థం చెప్పేది వాళ్ళే.

దారి మీద దుమ్ములో అడుగు కనిపించినప్పుడు గైడు బండి ఆపి వంగి చూపిస్తాడు. నాలుగు వేళ్ళ గుండ్రటి గుర్తులు, వెనక వెడల్పాటి మెత్త. గోళ్ళ గుర్తులుండవు, పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. కుక్క అడుగైతే గోళ్ళు పడతాయి. అడుగు అంచులు చెదరకుండా, రాత్రి రాలిన ఆకు దాని కిందికి నొక్కుకుపోయి ఉంటే, ఆకు రాలిన తర్వాతే పులి ఆ దారిన వెళ్ళిందన్నమాట. ఈ తర్కం పిల్లలు వెంటనే పట్టుకుంటారు. కొందరు పెద్దలు మాత్రం ఆ అడుగును చూసి ‘ఛ, ఇప్పుడే వెళ్ళిపోయింది’ అంటారు.

సాయంత్రం సఫారీ అయ్యాక ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. ఆదివారం చీకటిపడ్డాక అడవి నుంచి బయటపడి, రాత్రంతా బొగ్గు లారీల మధ్య బండి నడిపి, సోమవారం పొద్దున్నే పిల్లల్ని యూనిఫారం తొడిగి బడికి పంపే పద్ధతి ఒకటి ఉంది. దీన్ని ఘనకార్యంగా చెప్పుకునేవారూ ఉన్నారు. అది మానుకోవడం మంచిది. సోమవారానికి సెలవు చీటీ బయల్దేరే ముందే రాసి బళ్ళో ఇచ్చేయండి.