మడత మీద కత్తిరించిన జాకెట్టు

మా అమ్మకి నేను కుట్టిన మొదటి జాకెట్టు తన కుడిచేతి దగ్గర ఆగిపోయింది. ఎడమచెయ్యి ఇబ్బంది లేకుండా దూరింది. కుడిచెయ్యి మోచెయ్యి దాటి పైకెక్కలేదు. ఇంకాస్త లాగితే చంక దగ్గర కుట్లు పటపటా తెగాయి. 2025 సంక్రాంతికి, భోగి ముందురోజు రాత్రి, ఏటికొప్పాకలో మా ఇంటి వెనకగదిలో జరిగింది ఇది. అప్పటికి మూడు రోజులుగా ఆ జాకెట్టు గురించి ఇల్లంతా టముకు వేస్తున్నాను.

అమ్మ నెమ్మదిగా దాన్ని విప్పి, మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

"నా సెయ్యే అలాటిదమ్మా. నువ్వేటి సేస్తావు?" అంది.

కుట్టింది నేను. చెడగొట్టింది నేను. తప్పు మాత్రం తన ఒంటిమీద వేసుకుంది. నాకేం కొత్తగా అనిపించలేదు. జాకెట్టు బిగుతైతే "లావైపోయాను" అనీ, భుజం జారితే "నా భుజాలు బాగోవు" అనీ నేనూ ఎన్నిసార్లు అనుకోలేదు? గుడ్డని తప్పుపట్టాలని మనకి తోచదు. ముందు మన ఒళ్లే తప్పుగా కనిపిస్తుంది.

కుట్టుపని అంటే నాకు చిన్నప్పట్నుంచీ కోపం. పదో తరగతి తప్పిన ప్రతి ఆడపిల్లకీ ఊళ్లో చెప్పే మొదటి మాట "పోనీ, మిషను నేర్చుకో" అనేదే. 1982లో డ్వాక్రా పథకం వచ్చిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆడవాళ్ల ఉపాధి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కుట్టుమిషనే. నేను చదువుకుంటాను, మిషను ముట్టుకోను అని పంతం పట్టాను. టీచర్నై అనకాపల్లిలో స్థిరపడ్డాను. నలభై దాటాక, లైనింగు జాకెట్టు కుట్టుకూలి గుడ్డ ఖరీదుని మించిపోయాక, పాత మిషనొకటి కొని సాయంత్రాలు ఒకావిడ దగ్గర మూడు నెలలు నేర్చుకున్నాను. ఇంతమంది ఆడవాళ్లు చేసేస్తున్నారంటే అదేమంత కష్టం అనే చిన్నచూపు నాలోనూ ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

గుడ్డ ముదురు పసుపు నూలుది. తడిపితే కుంచించుకుపోతుందని ముందే నానబెట్టి ఆరేశాను. కొలతలు తీసుకునేటప్పటికి అమ్మ పొయ్యి దగ్గర అరిసెల పాకం తిప్పుతోంది. కుడిచెయ్యి ఖాళీ లేక ఎడమచెయ్యి చాపింది. దండ చుట్టూ టేపు వేస్తే 12 అంగుళాలు. కొలత జాకెట్టు ఇమ్మంటే, "పాతయ్యన్నీ సాగిపోయేయి, అయ్యెందుకు?" అంది. నేనూ పట్టించుకోలేదు. నాకు నేర్పిన పద్ధతిలో ఛాతీ కొలత ఒక్కటుంటే చాలు, చంక లోతూ భుజం దాన్నుంచే లెక్కకట్టొచ్చు. గుడ్డని మడతపెట్టి వీపు భాగం సగమే గీశాను. మిగతా సగం మడతలోంచి అదే వస్తుంది. ముందు ముక్కలు రెండూ ఒకదానిమీద ఒకటి, చేతులు రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకేసారి కత్తిరించాను. గుడ్డ వృథా కాకూడదని లోపల కుట్టుకి అర అంగుళమే వదిలాను.

ఆ రాత్రి నిద్ర పట్టక అమ్మ పాత జాకెట్టొకటి తీసి తిరగేసి చూశాను. ఎడమచేతి లోపల రెండు వరసల కుట్టు, దాని పక్కన విప్పని గుడ్డ మడత అలాగే ఉంది. కుడిచేతి లోపల గుడ్డ చివరి అంచుదాకా విప్పేసి కుట్టారు. ఇంకోటి చూశాను. అదీ అంతే. మూడోదీ అంతే. పక్కవీధిలో కుట్టే ఆమెకి ఏళ్లుగా తెలిసిన సంగతి అమ్మ కన్నకూతురికి తెలీలేదు.

పొద్దున్నే అమ్మ రెండు చేతులూ కొలిచాను. కుడిదండ 13 అంగుళాల పైమాటే.

"తాడు లాగిన సెయ్యి కదే," అంది అమ్మ, అదేదో నాకు ముందునుంచీ తెలుసన్నట్టు.

నిజానికి నాకు తెలియాలి. నా కళ్లముందే లాగింది. మోటారు లేతులు రాకముందు మా ఇంట్లో చేతి లేతు ఉండేది. ఇరుసుకి చుట్టిన తాడుని ఒకరు ఇటూ అటూ లాగుతుంటే అంకుడు కర్ర గిర్రున తిరిగేది. ఇంకొకరు ఉలి పట్టి దాన్ని బొమ్మగా చెక్కేవారు. తర్వాత తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్కకణికని అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకునేది. పైన మొగలిరేకుతో రుద్దితే మెరుపొచ్చేది. ఉలి నాన్నది. తాడు అమ్మది. రెండు చేతుల్తో లాగినా బలమంతా కుడిచేతి మీదే వేసేది. వరాహనదికి స్నానానికెళ్లొచ్చి, వంట ముగించి కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టేదాకా లాగుతూనే ఉండేది. ఎవరైనా అడిగితే "మా ఆయన బొమ్మలు సేస్తారు" అనేది. మరి నువ్వో? "నాను సాయం." తాడు ఆగితే ఉలి ఆగుతుంది. అయినా ఉలిదే పని, తాడుది సాయం.

మా ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఈ కళని నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరందరికీ సంతోషమే, నాకూ సంతోషమే. అదే ఏడాది సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం లెక్కపెట్టిన 18 వృత్తుల్లో బొమ్మలు చేసేవాళ్లూ ఉన్నారు, దర్జీలూ ఉన్నారు. కానీ కుటుంబానికి ఒక్కరే నమోదు కావాలి. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఇద్దరు కూర్చుంటేగానీ తిరగని లేతు ఉన్న ఇళ్లలో ఆ ఒక్క పేరు ఎవరిదవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇంత ఆవేశం వచ్చాక అసలు ప్రశ్న నాకే తగిలింది. నేను మాత్రం చేసిందేమిటి? ఒకవైపే కొలిచి, రెండోవైపూ అంతేలే అనుకున్నాను. మడత మీద కత్తిరిస్తే పని తొందరగా అవుతుంది. ఎదురుగా ఉన్న మనిషిని పూర్తిగా చూడక్కర్లేదు.

పండగ అయ్యాక జాకెట్టుని అనకాపల్లి తీసుకొచ్చి విప్పాను. కుట్లు విప్పడం కుట్టడంకన్నా కష్టం. మిగిలిన గుడ్డలోంచి చిన్న చదరపు ముక్క కత్తిరించి కుడిచంక కింద అతికించాను. చెయ్యి పట్టింది. కానీ అందం పోయింది. చెయ్యెత్తితే అతుకు కనబడుతుంది. కుడివైపు మెడ కాస్త లాగుతుంది. ఏ కోణంలో చూసినా అది బాగా కుట్టిన జాకెట్టు కాదు. నేను నేర్పించుకున్నావిడకి చూపిస్తే, "వేరే గుడ్డ కొని కొత్తది కుట్టు, ఇది ఇంట్లోకి పనికొస్తుంది" అంది.

జనవరి 25న మళ్లీ ఊరెళ్లాను. మర్నాడు ఆదివారం. టీవీలో ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలే. వీధిలో అన్ని టీవీల్లోంచీ ఒకేసారి ఆ పేరు వినిపించింది. ఆ తర్వాత రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో బహుమతి వచ్చింది. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అమ్మ నేలమీద కూర్చుని కళ్లార్పకుండా చూసింది.

"అంతంత బొమ్మలు తిప్పాలంటే ఎంతమంది తాడు లాగాలో!" అంది.

నాన్న నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక ఎవరం ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి నాన్న టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "మీయమ్మ లాగినంత సమానంగా ఎవరూ లాగలేరు" అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అమ్మ విన్నట్టే కనిపించలేదు. చెయ్యెత్తి జడ సర్దుకుంటోంది. పసుపు జాకెట్టు చంక కింద నా అతుకు, వంకర కుట్టుతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది.

"బాగోలేదు కదమ్మా?" అన్నాను.

"బాగోలేదు," అంది అమ్మ. "కానీ సెయ్యి ఆడతాంది."

కొత్త గుడ్డ కొన్నాను. ఇంకా కత్తిరించలేదు. ఈసారి చేతులు రెండూ విడివిడిగా గీయాలి.