పశువుల కాపరి పాడిన ఊరు

ఇంగ్లాండు దేశపు ఈశాన్య తీరాన, ఎస్క్ అనే చిన్న నది సముద్రంలో కలిసే చోట విట్బీ అనే పట్టణం ఉన్నది. మిడిల్స్‌బరోలో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి ఇంట కొన్ని వారాలు గడిపినప్పుడు, ఒక శనివారం ఉదయం మేమిద్దరం రైలెక్కి అక్కడికి వెళ్లాము. గంటన్నర ప్రయాణం. ఆ మార్గంలో నడిచే బండ్లు తక్కువ గనుక తిరుగు బండి వేళ ముందుగానే చూసుకోవాలి. "అమ్మా, అక్కడ ఆటోలు ఉండవు, అన్నిటికీ నడకే, మెత్తని చెప్పులు వేసుకో" అని అమ్మాయి పదిసార్లు చెప్పింది. అది మంచి సలహా అని రాళ్లు పరచిన ఆ ఊరి సందుల్లో కాలు పెట్టగానే తెలిసింది.

నది ఊరిని రెండుగా చీలుస్తుంది. రెంటినీ కలిపే ఇనుప వంతెన 1909 నుండి వాడుకలో ఉన్నది. పెద్ద పడవ వస్తే గంట మోగుతుంది, మనుషులూ బండ్లూ ఆగిపోతారు, వంతెన రెండు ముక్కలుగా పక్కకు తిరిగి దారి ఇస్తుంది. మేము కూడా అందరితోపాటు ఆగి చూశాము. అక్కడ ఎవరికీ తొందర ఉన్నట్లు కనిపించలేదు.

వంతెన దాటితే తూర్పు గట్టున చర్చి వీధి. ఇరువైపులా ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి మధ్య ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడవలసిన గొందులు. అంగళ్ల నిండా 'జెట్' అనే నల్లని రాతి నగలు. నిజానికి అది రాయి కాదు, కోట్ల సంవత్సరాల క్రితం భూమిలో కూరుకుపోయిన చెట్ల మాను. 1861లో భర్త ఆల్బర్టు మరణించాక విక్టోరియా రాణి శోకవస్త్రాలతో ఈ నల్లని నగలు ధరించేది. దానితో దేశమంతటా విధవలు వీటినే కొనసాగారు, ఈ ఊరి పనివారికి చేతినిండా పని దొరికింది. వీధి చివర, 1872 నుండి హెర్రింగు చేపలను కట్టెల పొగలో ఆరబెట్టి అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉన్నది. ఎండుచేపల వాసనకు అలవాటు పడిన మన ముక్కుకు ఆ పొగవాసన కొత్తే గాని చెడ్డదేమీ కాదు.

అక్కడినుండి కొండపైకి 199 మెట్లు. పిల్లలు గట్టిగా లెక్కపెడుతూ ఎక్కుతుంటారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్క వస్తుంది. 1774 వరకు ఇవి చెక్క మెట్లు. మధ్యలో అక్కడక్కడ విశాలమైన అరుగులు, బల్లలు ఉన్నాయి. అవి మనలాంటి వారి ఆయాసం తీరడానికే అనుకున్నాము. కాని శవపేటికను భుజాలపై మోసేవారు దించుకొని ఊపిరి తీసుకోవడానికి అవి ఏర్పడ్డాయట. ఊరి శ్మశానం కొండమీద ఉండేది. దిగువ ఇళ్లలో ఎవరు కన్నుమూసినా ఈ మెట్ల మీదుగానే తీసుకువెళ్లేవారు. మాలో ఒకరికి మోకాళ్ల నొప్పి ఉన్నందున ప్రతి బల్లమీదా కూర్చున్నాము. బొత్తిగా ఎక్కలేనివారికి కొండ వెనుకనుండి బండి దారి ఉన్నది.

పైన పరిశుద్ధ మరియమ్మ ఆలయం. సుమారు 1110లో కట్టడం మొదలైనది. లోపలికి అడుగుపెడితే పాతకాలపు ఓడలో దిగినట్లున్నది. పైకప్పు, మేడబల్లలు ఓడల వడ్రంగుల పనితనమని చెప్తారు. కూర్చునే చోట్లు మన ఆలయాల్లోవలె వరుస బల్లలు కావు, నడుమెత్తు చెక్క గోడలతో, తలుపులతో పెట్టెల వంటి చిన్న గదులు. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్కటి. ఆ ఊరి భూస్వాములైన చమ్లీ వంశంవారు పదిహేడవ శతాబ్దంలో తమకొరకు నాలుగు మెలికల స్తంభాలమీద ఒక మేడ కట్టించుకున్నారు. అది ప్రభువు బల్లకు సరిగ్గా అడ్డంగా ఉన్నది. కింద కూర్చున్న బెస్తవారికి బల్ల సరిగా కనబడదు గాని దొరవారు మాత్రం చక్కగా కనబడతారు. ఆ కట్టడం చూస్తే మాకు మనసు చివుక్కుమన్నది. ముందు వరుస ఎవరిదో అడగకుండానే అందరికీ తెలిసిన ఆలయాలు మన పల్లెల్లో మాత్రం లేవా?

అదే ఆలయంలో మరో పెట్టె తలుపుమీద 'కొత్తవారికి మాత్రమే' అని రాసి ఉన్నది. ఓడదిగి వచ్చిన పరాయి మనిషి ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు దగ్గర నిలబడిపోకుండా చేసిన ఏర్పాటు. మేము వెళ్లి అందులోనే కాసేపు కూర్చున్నాము. ఎదురుగా 1778 నాటి మూడంతస్తుల ప్రసంగ వేదిక. దానికి బూరల వంటి రెండు గొట్టాలు అమర్చి ఉన్నాయి. ఒక కాలంలో ఇక్కడి పాస్టరుగారి భార్యకు చెవుడు. భర్త ప్రసంగం ఆమెకు వినబడాలని వాటిని పెట్టారు. గోడమీద ఒక స్మారక ఫలకం కూడా చూడదగినది. హంట్రాడ్స్ అనే దంపతులు, ఫ్రాన్సిస్, మేరీ, ఇద్దరూ 1600 సెప్టెంబరు 19న పుట్టారు, అదే తేదీన పెండ్లాడారు, పన్నెండుగురు బిడ్డలను కన్నారు, 1680లో అదే సెప్టెంబరు 19న అయిదు గంటల తేడాలో ఇద్దరూ కన్నుమూశారు. ఆ ఫలకం ముందు భార్యాభర్తలు ఒకరివైపు ఒకరు చూసుకోకుండా కదలరు.

బయట సమాధులు సముద్రపు అంచు వరకు ఉన్నాయి. ఉప్పుగాలికి రాతిమీది పేర్లు అరిగిపోయాయి. కొండచరియను సముద్రం ఏటేటా కొరికివేస్తున్నది. 2012 చివర, 2013 మొదట్లో భారీ వర్షాలకు చరియ జారి పాత ఎముకలు బయటపడితే ఆలయంవారు వాటిని ఏరి తిరిగి పాతిపెట్టారు. ఇంతటి చోటికి వచ్చి 'డ్రాకులా సమాధి ఎక్కడ?' అని అడిగేవారు ఉన్నారంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బ్రామ్ స్టోకర్ అనే రచయిత 1890లో ఈ ఊరిలో బసచేసి, 1897లో అచ్చయిన తన రక్తపిశాచి కథలో దీనిని వాడుకున్నాడు. కథలోని పిశాచికి సమాధి ఎక్కడినుండి వస్తుంది?

మేము వెతుక్కుంటూ వచ్చిన గుర్తు మెట్ల పైభాగాననే ఉన్నది. సుమారు 20 అడుగుల రాతి సిలువ, 1898లో నిలిపినది. దానిపై ఒకదాని కింద ఒకటిగా నాలుగు ప్రతిమలు: క్రీస్తు, సితారాతో దావీదు, హిల్డా, అందరికన్నా కింద కేడ్మన్. అతడు పశువుల కాపరి.

ఈ కొండమీద క్రీ.శ. 657లో హిల్డా అనే రాజవంశపు స్త్రీ ఒక మఠాన్ని స్థాపించింది. పురుషులూ స్త్రీలూ వేరువేరుగా నివసించే ఆ మఠానికి ఆమెయే పెద్ద. రాజులు సైతం సలహాకు వచ్చేవారు. ఆమె వద్ద చదువుకున్నవారిలో అయిదుగురు బిషప్పులయ్యారు. ఎరిగినవారందరూ ఆమెను 'అమ్మ' అని పిలిచేవారని, 731లో ఇంగ్లాండు సంఘ చరిత్రను ముగించిన బీడ్ అనే సన్యాసి రాశాడు. కేడ్మన్ సంగతి మనకు తెలిసినదీ ఆయనవల్లనే.

మఠం పొలాల్లో పనిచేసే కేడ్మన్‌కు వయసు మళ్లింది. పాట రాదు. ఆ కాలంలో విందు జరిగితే సితారా చేతులు మారుతూ వచ్చేది, ఎవరి వంతుకు వారు పాడాలి. సితారా తనవైపు వస్తున్నదని చూడగానే కేడ్మన్ లేచి వెళ్లిపోయేవాడు. సభలో నలుగురి ముందు నోరు రాక తల దించుకున్నవారికి అతని బాధ ఇట్టే తెలుస్తుంది. ఒక రాత్రి అలాగే లేచి కొట్టంలోకి వెళ్లాడు, ఆ రాత్రి పశువుల కావలి వంతు అతనిదే. అక్కడే నిద్రపోయాడు. కలలో ఎవరో పేరుపెట్టి పిలిచి పాడమన్నారు. తనకు పాట రాదని, అందుకే విందు విడిచి వచ్చానని చెప్పాడు. అయినా పాడవలసిందేనన్నారు. ఏమి పాడాలని అడిగితే సృష్టి ఆరంభాన్ని గూర్చి పాడమన్నారు. అతడు పాడాడు. తెల్లవారాక కూడా ఆ మాటలు నోట ఉన్నాయి.

పొద్దున్నే తనమీది పెత్తందారుకు చెప్పాడు. మాకు ముఖ్యంగా తోచినది ఆ తరువాతి భాగం. 'పాలేరుకు పాటేమిటి' అని అతడు నవ్వి పంపివేయలేదు, నేరుగా హిల్డా వద్దకు తీసుకువెళ్లాడు. ఆమె పండితులను పిలిపించి వారి ముందు అతనిచేత పాడించింది. పరిశుద్ధ గ్రంథంలోని ఒక భాగాన్ని వారు వివరించి చెప్పి, దానిని పాటగా కట్టమన్నారు. మరునాడు ఉదయానికి కట్టుకొని వచ్చాడు. అప్పుడు హిల్డా అతనిని మఠంలో చేర్చుకొని, లేఖన చరిత్ర అంతా క్రమంగా వినిపించండని ఆజ్ఞాపించింది. అతడు విన్నదానిని, శుద్ధమైన పశువు నెమరువేసినట్లు నెమరువేసి, తీయని పాటగా తిరిగి ఇచ్చేవాడట. పోలిక బీడ్‌దే. పశువులను ఎరిగినవారికి దాని అందం వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో సంఘంలో చదువు, ఆరాధన లాటినులో జరిగేవి. కేడ్మన్ పాడినది పొలంలో, పశువుల కొట్టంలో మాట్లాడుకునే ఇంగ్లీషులో. అతని పాటల్లో నిలిచినది తొమ్మిది పంక్తుల సృష్టి స్తుతి ఒక్కటే. కవి పేరు తెలిసిన ఇంగ్లీషు పద్యాల్లో అంతకన్నా పాతది లేదు. ఇంగ్లీషు సాహిత్య చరిత్ర తెరిస్తే మొదట కనిపించే కవి ఈ అక్షరం రాని కాపరి.

ఆలయం వెనుక మఠపు శిథిలాలు ఉన్నాయి. టిక్కెట్టు కొని లోపలికి వెళ్లాలి. ఇప్పుడు కనిపించే గోడలు హిల్డా నాటివి కావు. ఆ మఠం డేనుల దాడుల కాలంలో నాశనమైంది. ఇవి చాలావరకు పదమూడవ శతాబ్దంలో లేచినవి, 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠాన్ని మూయించాక పాడుబడ్డాయి. పైకప్పు లేదు. ఖాళీ కిటికీల గుండా గాలి హోరుమని వీస్తుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

664లో ఈ కొండమీదనే ఒక పెద్ద సభ జరిగింది. తగాదా ఈస్టరు తేదీ గురించి. ఓస్వీ రాజుది ఐర్లాండునుండి వచ్చిన లెక్క, కెంటునుండి వచ్చిన రాణిది రోమా లెక్క. రాజు ఈస్టరు పండుగ చేసుకుంటుంటే రాణి ఇంకా లెంటు ఉపవాసంలో ఉండేది. ఒకే ఇంట్లో! వాదాలు విని రాజు రోమావైపు తీర్పు చెప్పాడు. ఐర్లాండు పక్షాన మాట్లాడిన బిషప్పు కోల్మన్ తన పదవి వదలి, తనవారిని వెంటబెట్టుకొని వెళ్లిపోయాడు. హిల్డాది కూడా కోల్మన్ పక్షమే. ఓడిన పక్షం. ఆమె వెళ్లలేదు. తీర్పును అంగీకరించి, అక్కడే ఉండి, మరో 16 సంవత్సరాలు ఆ మఠాన్ని నడిపింది. చివరి ఆరేళ్లు జబ్బుతో మంచానపడి కూడా బోధించడం మానలేదు. 680 నవంబరు 17న మరణించింది. ఒక చిన్న మాటకు సంఘాలు రెండై, ఎదురెదురుగా రెండు గంటలు మోగే ఊళ్లనుండి వచ్చిన మేము, గాలికి దుప్పట్లు కప్పుకొని, ఆ గోడల నడుమ చాలాసేపు కూర్చున్నాము.

పడమటి గట్టు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కెప్టెన్ కుక్ 1746లో ఈ ఊరికి వచ్చి, క్వేకరు శాఖకు చెందిన ఓడల యజమాని జాన్ వాకర్ వద్ద పనికి కుదిరాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అది వంతెనకు ఇవతలే ఉన్నది. కుక్ విగ్రహం మాత్రం పడమటి కొండమీద ఉన్నది. దాని దగ్గరలో తిమింగలపు దవడ ఎముకలతో చేసిన తోరణం. ఈ ఊరి ఓడలు ఒకప్పుడు ఉత్తర ధ్రువ సముద్రాల్లో తిమింగలాలను వేటాడేవి. ఆ కెప్టెన్లలో విలియం స్కోర్స్‌బీ చిన్నవాడు, తండ్రి పేరే కొడుకుది, మంచు సముద్రాలపై శాస్త్ర గ్రంథం రాసి, ఆ తరువాత వేట మాని బోధకుడయ్యాడు. కొండమీదికి పోయే రోడ్డు పేరు ఖైబర్ కనుమ అని చూసి నవ్వుకున్నాము.

కిందికి దిగి రేవు గోడమీద సముద్రంవైపు నడిచాము. 1861 ఫిబ్రవరి 9న తుఫానులో ఈ ఊరి రక్షక పడవ ఒకే రోజు అయిదుసార్లు వెళ్లి ఓడలవారిని కాపాడింది. ఆరవసారి, ఊరంతా గట్టున నిలబడి చూస్తుండగా తిరగబడింది. పదముగ్గురిలో పన్నెండుగురు మునిగిపోయారు. బెండుతో చేసిన కొత్తరకపు రక్షణకోటు తొడుక్కున్న హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే బ్రతికాడు. తరువాత ఏళ్ల తరబడి అతడే రక్షక పడవకు నాయకుడు. 1914 అక్టోబరు 30న, యుద్ధ గాయాలవారిని తేవడానికి డంకర్కుకు పోతున్న 'రోహిల్లా' అనే ఆసుపత్రి ఓడ 229 మందితో ఇక్కడి బండలకు కొట్టుకొన్నది. అది బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ, పేరు మన దేశపు రోహిల్లాలది. రేవునుండి తెడ్ల పడవ బయటికి పోలేకపోయింది. ఊరివారు దానిని ఎనిమిది అడుగుల గోడమీదుగా ఎత్తి, బండలమీద ఈడ్చుకొంటూ తీసుకువెళ్లి నీటిలో దించారు. రెండు ప్రయాణాల్లో 35 మందిని తెచ్చాక పడవ పగిలిపోయింది. కొందరు ఈదుకుంటూ ఒడ్డుచేరారు. నవంబరు 1న టైన్‌మౌత్ నుండి మోటారు పడవ వచ్చి చివరి 50 మందిని దించింది. ఎనభైమందికి పైగా చనిపోయారు. బ్రతికినవారిలో మేరీ రాబర్ట్స్ అనే ఆమె అంతకు రెండేళ్ల ముందు టైటానిక్ నుండి కూడా బ్రతికి బయటపడింది.

ఇప్పటి రక్షక పడవ వంతెనకు దగ్గరలోనే కట్టి ఉంటుంది. దానిమీద వెళ్లేవారిలో ఎక్కువమంది జీతం లేనివారే. వేరే పనులు చేసుకుంటూ ఉంటారు, పిలుపు రాగానే చేతిలో పని వదిలి పరుగెత్తి వస్తారు. మేము చూసినప్పుడు ఒక కుర్రవాడు దానిమీద తడి తాళ్లు ఆరవేస్తున్నాడు.