కందెన గొట్టము



నా బాల్యమున మా యిల్లు ధవళేశ్వరము దిగువ కాలువ గట్టున ఉండెను. 1852లో ముగిసిన కాటన్ దొరగారి ఆనకట్ట నీరే మా పొలమునకు ఆధారము. మా తండ్రిగారు బండి కట్టుటకు ముందు కడచీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలికి లాగి, ఇరుసునకు కందెన పూయుచుండిరి. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపిన ఆ నల్లని ముద్ద, బండి క్రింద వ్రేలాడు వెదురు గొట్టములో ఉండెడిది.

ఒకనాడు ఆ పని నాకు అప్పగించిరి. నేను బద్ధకించి, పూసితినని అబద్ధమాడితిని. రెండు మైళ్లు పోకముందే చక్రము కీచుమనెను. తండ్రిగారు నన్ను కొట్టలేదు. "ఎంత నునుపుగా కనబడినను రెండును గరుకేరా అబ్బాయీ. నడుమ ఏదైన ఉండవలెను" అని మాత్రమనిరి.

ఈ మధ్య నా మనుమడు కంప్యూటరుపై ఇట్టి లెక్కలే చేయుచున్నాడని తెలిసి అడిగితిని. 1883లో ఇంగ్లండులో బీచాంప్ టవర్ అను ఇంజనీరు బేరింగులను పరీక్షించుచు, పైభాగపు రంధ్రమునకు బిరడా కొట్టగా, లోపలి నూనె దానిని బయటికి నెట్టివేసెనట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్సు కారణము తేల్చెను: తిరుగు ఇరుసు నూనెను ఇరుకు సందులోనికి ఈడ్చుకొనిపోవును, అచ్చట పుట్టిన ఒత్తిడియే బరువును మోయును. నేడు కంప్యూటరు ఆ సందును చిన్న చిన్న గళ్లుగా విభజించి, లోహపు మిట్టపల్లములను, నూనెలో కలిసిన నీటిని, బుడగలను కూడ లెక్కించి, ఒక్కొక్క గడిలో ఒత్తిడి ఎంతయో చూపును. మిట్టల ఎత్తుకన్న నూనెపొర పలుచనైనచోట ఇనుము ఇనుమును తాకి అరుగును. చక్రము ఆగినచో ఆ పొర నలిగి ప్రక్కలకు పోవును.

ఇది విని నేను తల వంచుకొంటిని. గట్టు తగాదా వలన మా అన్నగారికిని నాకును ఏడేండ్లుగా మాటలు లేవు. వదినెగారు జబ్బుపడినప్పుడును నేను వెళ్లలేదు. ఆయన మెత్తబడిన పిదప మాటాడుదమని వేచితిని. నా తట్టు లోపము లేదని చెప్పుకొంటిని. అదియు ఆనాటి అబద్ధము వంటిదే.

ఆ సాయంకాలమే వెళ్లి, "అన్నయ్యా, మీ మడికి నీరందినదా?" అని అడిగితిని. ఆయన చాలసేపు ఊరకుండి, "కూర్చో, అన్నము తిని పోదువుగాని" అనెను.

గట్టు తగాదా ఇంకను తీరలేదు. మేమిద్దరము ఇంకను గరుకువారమే. కాని బండి నడుచుచున్నది.

మీ యింట కీచుమను చక్రమేదైన కలదా? గొట్టము దూరమున లేదు, బండి క్రిందనే వ్రేలాడుచున్నది.