మొదటి దండీ

పిల్లలూ, ముందు ఒక చిన్న పరీక్ష. లేచి గోడకు ఎదురుగా నిలబడండి. రెండు అరచేతులూ గోడకు ఆన్చి గట్టిగా తొయ్యండి. ఇప్పుడు చెప్పండి, గోడను తోస్తున్న కండ మీ చేతిలో ఎక్కడ ఉన్నది?

చాలామంది దండచేతి ముందువైపున ఉబ్బే కండను చూపిస్తారు. పహిల్వానులు చెయ్యి మడిచి అందరికీ చూపించేది దాన్నే. కాని తోసేది అది కాదు. ఎడమచేత్తో కుడి దండచేతిని వెనకవైపున పట్టుకుని, కుడిచేత్తో గోడను తోసి చూడండి. వెనక ఉన్న కండ రాయిలాగా బిగుసుకుంటుంది. దాని పేరు ట్రైసెప్స్. అంటే మూడు తలల కండ అని అర్థం.

ఇంతకన్న విచిత్రం మరొకటి ఉన్నది. కండరానికి తొయ్యటం రాదు. లాగటం ఒక్కటే వచ్చు! కండరం తాడులాంటిది. తాడుతో దేన్నయినా లాగగలంగాని తొయ్యలేం గదా. ట్రైసెప్స్ కింది కొస మోచేతి వెనక ఉన్న ఎముకకు అతుక్కుని ఉంటుంది. కండ ముడుచుకుని ఆ ఎముకను లాగుతుంది. దాంతో మడిచిన చెయ్యి చాపుకుంటుంది. అప్పుడు గోడను తోసినట్టవుతుంది. బావి దగ్గర తాడును మనం కిందికి లాగితే గిలక వల్ల చేద పైకి వస్తుంది. మోచెయ్యి చేసే పనీ ఇంచుమించు అలాంటిదే.

ఇలాంటి తాళ్ళు ఎన్నో కలిసి లాగితేగాని జరగని పని ఒకటి ఉన్నది. అదే దండీ. నేలమీద అరచేతులూ కాలివేళ్ళూ మాత్రమే ఆన్చి, ఒంటినంతా పైకి తొయ్యాలి. రొమ్ము కండలు, భుజాల కండలు, దండచేతుల వెనక కండలు లేపే పని చేస్తాయి. పొట్ట కండలు నడుము జారిపోకుండా పట్టి ఉంచుతాయి.

తాలింఖానాలు ఉన్న ఊళ్ళలో కుర్రవాళ్ళు తెల్లవారుజామునే లేచి దండీలు, బస్కీలు తీసేవాళ్ళు. ఆ పాతకాలపు దండీలో నడుము పైకెత్తి, రొమ్మును నేలకు రాసుకుంటున్నట్టుగా పాములాగా ముందుకు జారి, తల ఎత్తి, మళ్ళీ వెనక్కు రావాలి. బళ్ళలో పుష్ అప్ అని నేర్పేది దానికంటె సులువు. ఒళ్ళు బల్లలాగా తిన్నగా ఉంచి దిగటం, లేవటం, అంతే. నేను చెప్పబోయేది దీని సంగతే. మా ఇంట్లో దీన్ని కూడా దండీ అనే అంటాం.

అంతే అన్నానుగాని, ఆ కాస్తా కొందరికి కొండంత.

2023 జూన్‌లో మా మనవడు ఆరో తరగతిలో చేరాడు. రెండో వారంలో డ్రిల్లు పీరియడులో పిల్లలందరి చేతా దండీలు తీయించారట. వీడు కిందికి దిగాడుగాని పైకి లేవలేక బొక్కబోర్లా పడ్డాడు. పిల్లలు నవ్వారు. వాడు ఇంటికి వచ్చి పుస్తకాల సంచి ఒక మూలకు విసిరేసి, "తాతయ్యా, నాకు చేతకాదు. నేనింక డ్రిల్లుకు పోను," అన్నాడు.

డ్రిల్లుకు పోకపోతే కొంపలేం మునిగాయి అని కొందరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. నేను 38 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఒక్కరోజు నల్లబల్ల దగ్గర లెక్క తప్పినందుకు, "నాకు లెక్కలు రావు" అని తేల్చేసుకుని, ఏళ్ళ తరబడి లెక్కల పుస్తకానికి భయపడిన పిల్లల్ని ఎందరినో చూశాను. ఒంటి విషయంలోనూ ఇంతే. "నాది బలహీనపు ఒళ్ళు" అనుకున్న పిల్లవాడు ఆటలకు దూరంగా కూచుంటాడు. కూచున్నకొద్దీ బలం తగ్గుతుంది. బలం తగ్గినకొద్దీ జంకు పెరుగుతుంది. ఆ జంకు పెద్దయినాక కూడా వదలదు.

అప్పటికి నా సంగతీ గొప్పగా ఏమీ లేదు. నాకు 63 ఏళ్ళు. ఇనప్పెట్టెను అటకమీదికి ఎత్తబోతే చేతులు వణికాయి. పంక్తి భోజనానికి కింద కూచుంటే, లేవటానికి పక్కవాళ్ళు చెయ్యి అందించవలసి వచ్చేది.

"అయితే ఇద్దరం కలిసి నేర్చుకుందాం రారా," అన్నాను.

"నీకూ రాదా, తాతయ్యా?" అన్నాడు వాడు ఆశ్చర్యంగా.

"రాదురా," అన్నాను. వాడి మొహం కాస్త తేటపడింది.

మొదట మేము చేసిన పని తూకం వెయ్యటం. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం ఒకటి ఉన్నది. దానిమీద నిలబడితే మనవడి బరువు 36 కిలోలు. తరవాత ఆ యంత్రాన్ని నేలమీదే ఉంచి, దానిమీద చేతులు ఆన్చి దండీ భంగిమలో ఉండమన్నాను. ముల్లు 24 దగ్గర ఆగింది. అంటే ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చేతులమీద పడుతున్నదన్నమాట. మిగిలినది కాళ్ళు మోస్తున్నాయి.

యంత్రాన్ని వీధి అరుగుమీద పెట్టి, చేతులు దానిమీద ఆన్చమన్నాను. మా అరుగు ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. ఈసారి ముల్లు 15 దగ్గరే ఆగింది! ఒళ్ళు నిలువుగా లేచినకొద్దీ కాళ్ళు ఎక్కువ మోస్తాయి, చేతులకు తక్కువ పడుతుంది. అడుగు ఎత్తున్న పీటమీద చేతులు ఆన్చితే ఒంటి బరువులో సగం కంటె కొంచెం ఎక్కువ. గోడకు ఆన్చితే చాలా తక్కువ.

"చూశావా? నీకు చేతకానిది దండీ కాదు. 24 కిలోల దండీ. 15 కిలోల దండీ సంగతి చూద్దామా?" అన్నాను. వాడు అరుగుమీద చేతులు ఆన్చి మూడు తీశాడు. నేను రెండు తీసి ఆయాసపడ్డాను.

పిల్లలూ, దండీ నేర్చుకునే రహస్యమంతా ఇందులోనే ఉన్నది. నేలమీద మొదలుపెట్టకూడదు. నేల దాకా దిగి రావాలి. మేము అయిదు మెట్లు పెట్టుకున్నాం. మొదటిది గోడ. రెండోది నడుమెత్తు ఉన్న పిట్టగోడ. మూడోది అరుగు. నాలుగోది వాకిట్లో మెట్టు. అయిదోది నేల. మీ ఇంట్లో అరుగు లేకపోతే బరువైన మంచం పట్టె పనికివస్తుంది. మంచాన్ని గోడకు ఆనించి ఉంచండి. జారిపోయే కుర్చీలు, బల్లలు వద్దు.

చెయ్యవలసిన తీరు ఇది. అరచేతులు భుజాలకంటె కాస్త ఎడంగా ఉంచాలి. తలనుంచి మడమల దాకా ఒళ్ళు ఒకే గీతలాగా ఉండాలి. పొట్టా పిరుదులూ బిగించాలి. మోచేతులు రెక్కల్లాగా పక్కలకు విచ్చుకోకుండా కాస్త వెనక్కు పోవాలి. దిగేటప్పుడు గాలి పీల్చాలి. లేచేటప్పుడు వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు.

దిగటం నెమ్మదిగా జరగాలి. ఎత్తలేని బరువునుకూడా నెమ్మదిగా దించగల శక్తి కండకు ఉంటుంది. అందుచేత దిగటం కూడా సాధనే. కింది మెట్టుమీద లేవటం రాకపోతే, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగి, మోకాళ్ళు ఆన్చుకుని లేవండి. అలా దిగగా దిగగా ఒకనాటికి లేవటం కూడా వస్తుంది.

మూడో తరగతి చదివే మా మనవరాలు మాకు తీర్పరి. మా వీపుమీద రూళ్ళకర్ర పెట్టి చూసేది. "తాతయ్యా, నడుం జారింది! ఇది లెక్కలోకి రాదు," అని నిర్మొహమాటంగా కొట్టేసేది. పుస్తకంలో రెండు గళ్ళు గీశాం. ఒకటి సరైన వాటికి, ఒకటి తప్పినవాటికి. సరైన దండీలు పది చొప్పున, మధ్యలో కొంచెం అలుపు తీర్చుకుంటూ, మూడు విడతలు తియ్యగలిగితే కింది మెట్టుకు దిగాలి. ఇదే మా నియమం. తీర్పరికి మా సాధన చూసి సరదా పుట్టి, తనూ గోడ దగ్గర మొదలుపెట్టింది. దసరానాటికి అరుగుమీద పది తీసింది. ఆడపిల్లలకు ఇది రాదనే మాట ఎవరైనా అంటే నమ్మకండి.

రోజూ తియ్యటం మాత్రం వద్దు. మైలో అనే గ్రీకు మల్లుణ్ణి గురించి ఒక కథ చెబుతారు. అతను ఒక దూడను రోజూ ఎత్తుకుంటూ ఉండేవాడట. దూడతోపాటు అతని బలమూ పెరిగి, చివరకు ఎద్దునే ఎత్తాడట. కొంచెం కొంచెంగా పెంచాలన్న నీతి మంచిదే. కాని కండ పెరిగేది పని చేసేటప్పుడు కాదు, ఆ తరవాత తీసుకునే విశ్రాంతిలో. అందుచేత మేము సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే తీసేవాళ్ళం. పప్పు, గుడ్డు, పాలు, వేరుశెనగలు తిని కంటినిండా నిద్రపోతే మిగతా పని ఒళ్ళే చూసుకుంటుంది.

మొదటి నెలలో మనవడు రోజూ అద్దంలో చేతులు చూసుకునేవాడు. "తాతయ్యా, అరుగుమీద పన్నెండు తీస్తున్నాను. కండ మాత్రం రాలేదేం?" అన్నాడు ఒకనాడు. మంచి ప్రశ్నే. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండ లావెక్కటం వల్ల వచ్చేది కాదు. మెదడునుంచి కండకు ఆజ్ఞలు మోసుకుపోయే నరాలు తమ పని నేర్చుకుంటాయి. అంతవరకు నిద్రపోతున్న కండపోగుల్ని అవి లేపి, అన్నిటి చేతా ఒక్కసారిగా లాగిస్తాయి. చిన్నపిల్లల్లో బలం ముఖ్యంగా ఈ దారినే పెరుగుతుంది. అంటే అద్దంలో కనిపించకపోయినా పాఠం వంటబడుతూనే ఉంటుంది.

సెప్టెంబరులో మనవడు మెట్టుమీద ఆరు దగ్గర ఆగిపోయాడు. మూడు వారాలు ఏడోది రాలేదు. పుస్తకంలో అదే అంకె వేసుకోవటానికి వాడికి చిన్నతనంగా ఉండేది. "వెయ్యరా, మూడు వారాలు మానకుండా వచ్చావని గదా దానికి అర్థం," అన్నాను. నాలుగో వారంలో ఎనిమిది వచ్చాయి.

దీపావళి ముందరి ఆదివారం నాడు వాడు వసారాలో నేలమీద చేతులు ఆన్చాడు. తీర్పరి కర్ర పెట్టింది. వాడు దిగాడు. రొమ్ము నేలకు బెత్తెడు దూరందాకా వచ్చింది. చేతులు వణికాయి. ఒక క్షణం అక్కడే ఆగాడు. తరవాత, కర్ర పడకుండా, మెల్లగా లేచాడు. "సరైనది, ఒకటి," అని చెల్లెలు పుస్తకంలో రాసింది. ఆ మర్నాడు వాడు డ్రిల్లు బనీను తనే ఉతుక్కుని ఆరేసుకున్నాడు.

నేను నేలకు దిగటానికి మరో మూడు నెలలు పట్టింది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని నా స్నేహితులు ఎగతాళి చేశారు. మానుల సంగతి నాకు తెలియదుగాని, కండ మాత్రం ఏ వయసులోనైనా నేర్చుకుంటుంది. 1990లో అమెరికా వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. సుమారు 90 ఏళ్ళ వృద్ధుల చేత 8 వారాలు కాళ్ళకు బరువుల సాధన చేయిస్తే, వాళ్ళ తొడల బలం రెట్టింపు దాటింది. ఇప్పుడు పంక్తిలో కూచుంటే నేలకు చెయ్యి ఆన్చి నేనే లేస్తున్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి సాధనవల్ల పిల్లలు పొట్టివాళ్ళయిపోతారనే భయం అక్కర్లేదు. పెద్దవాళ్ళు చూస్తుండగా, పద్ధతిగా చేసే సాధన ఎదుగుదలకు అడ్డు రాదు. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆటపాటలు కావాలనీ, వారానికి కనీసం 3 రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కండ అలిస్తే ఫరవాలేదు. మణికట్టులోగాని భుజంలోగాని పోటు పుడితే వెంటనే ఆపించండి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పిల్లలు లేవలేకపోతే మాత్రం నవ్వకండి, ఇంకొకరితో పోల్చకండి. ఒక మెట్టు పైన మొదలుపెట్టించండి.

పిల్లలూ, "చేతకాదు" అన్న మాటలోనే చేత ఉన్నది. చేత అంటే చెయ్యటమే. చెయ్యగా చెయ్యగా వచ్చేదాన్ని, చెయ్యకముందే రాదనటం న్యాయమేనా? ఇవాళ ఒక పుస్తకం తీసి రెండు గళ్ళు గియ్యండి. తేదీ వెయ్యండి. గోడ దగ్గర ఎన్ని సరైనవి వస్తాయో తీసి ఆ అంకె రాసుకోండి. చిన్న అంకె అయినా సిగ్గుపడకండి. ఎల్లుండి మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళండి.