నేను చెప్పలేదురా, నువ్వే చెప్పావు

మొన్నీమధ్య ఆఫీసులో ఒకాయన నన్ను బేస్‌బాల్ ఆటకి లాక్కెళ్ళాడు. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా నాకు ఆ ఆట మీద పెద్ద ఆసక్తి లేదు. క్రికెట్ చూసి పెరిగిన ప్రాణానికి అదేదో అరగంటకోసారి కదిలే ఆటలా అనిపిస్తుంది. అయితే మూడో ఇన్నింగ్స్‌లో ఆయన నా భుజం తట్టి, "ఇప్పుడు నెమ్మది బంతి వేస్తాడు చూడు" అన్నాడు. వేశాడు! ఇంకో రెండు బంతుల తర్వాత మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే. ఇదేం మంత్రమయ్యా అంటే, ఆ పిచ్చర్ ఎడమ చేతి గ్లవ్ చూడమన్నాడు. నెమ్మది బంతికి వేళ్ళు సర్దుకోవాలి కదా, అప్పుడు గ్లవ్ కాస్త విసనకర్రలా విచ్చుకుంటోంది. వేగంగా వేసేటప్పుడు మాత్రం ముడుచుకునే ఉంటోంది.

దీన్ని వాళ్ళు టిప్పింగ్ అంటారు. తను వేయబోయే బంతి ఏమిటో తనకి తెలియకుండానే బ్యాటర్‌కి చెప్పేయడం అన్నమాట. పిచ్చర్ నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. గంటకి 90 మైళ్ళ పైన వచ్చే బంతి చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. అందులోనే చూడాలి, నిర్ణయించుకోవాలి, బ్యాటు ఊపాలి. బంతి చెయ్యి వదలకముందే అది ఏదో తెలిసిందంటే బ్యాటర్‌కి పండగే. 2017 వరల్డ్ సిరీస్‌లో యూ దర్విష్ అంతటి పిచ్చర్ రెండు మ్యాచులాడి, ఒక్కో దాంట్లో 5 గురిని మాత్రమే అవుట్ చేసి బయటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. బంతిని గ్లవ్‌లోకి తెచ్చుకునే తీరులోనే అతను దొరికిపోయాడని తర్వాత పత్రికల్లో వచ్చింది. (ఆ అవతలి జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్. అదే ఏడాది వాళ్ళు కెమెరా పెట్టి క్యాచర్ సైగలు దొంగిలించి, చెత్తడబ్బా మీద కొట్టి తమ బ్యాటర్లకి చెప్పారని 2020లో తేలింది, 50 లక్షల డాలర్ల జరిమానా కూడా పడింది. కాబట్టి దర్విష్ సంగతిలో ఏది ఎంతో ఎవరికి వాళ్ళే అనుకోవాలి.) కెమెరా పెట్టి చూడటం దొంగతనం. కంటితో చూసి కనిపెట్టడం మాత్రం ఆటలో భాగమే.

ఆ రోజు ఇంటికొచ్చేదాకా నా మనసు ఆ గ్లవ్ దగ్గర లేదు. తర్లుపాడులో ఉంది.

మా ఊరు తర్లుపాడు. మార్కాపురం పక్కన. మార్కాపురం పలకలంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మీరు అఆలు దిద్దిన పలక మా వైపు నించి వచ్చిందే అయ్యుండొచ్చు. మా క్రికెట్ స్కోరు కూడా పలక మీదే, బలపంతో. టెన్నిస్ బంతి, గులకరాళ్ళు ఏరేసిన నేల, వికెట్లకి మూడు కంప కర్రలు. నేను బౌలర్‌ని. వేగం పెద్దగా లేదు గానీ నా దగ్గర ఒక స్లో బాల్ ఉండేది. రెండు వేళ్ళ మధ్య బంతిని ఇరికించి వేస్తే బ్యాటు ముందే ఊగిపోయి, బంతి తాపీగా వచ్చి వికెట్లకి తగిలేది. చుట్టుపక్కల ఊళ్ళలో దానికి కాస్త పేరు కూడా వచ్చింది (అని నేను అనుకునేవాణ్ణి :-)).

అది ఎవరి మీద పని చేసినా మా పెదనాన్న కొడుకు మీద మాత్రం చేసేది కాదు. నా కంటే నాలుగేళ్ళు పెద్ద. నేను స్లో బాల్ వేశానంటే చాలు, అన్న ఒక అడుగు ముందుకొచ్చి తాపీగా ఆగి, ముళ్ళకంపల్లోకి కొట్టేవాడు. బంతి తెచ్చుకునే పని కూడా నాదే. "నీకెట్టా తెలుస్తందన్నా?" అని అడిగితే నవ్వేవాడు, అంతే.

తర్వాత అన్న మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అక్కడే ఒక జట్టులో ఆడేవాడు. 1998 సంక్రాంతి టోర్నమెంటు ఫైనల్లో మాకూ వాళ్ళకీ పడింది. ఆఖరి ఓవర్ నాది, వాళ్ళకి 14 పరుగులు కావాలి. అన్న అవతలి ఎండ్‌లో ఉన్నాడు. బ్యాటింగ్ చేస్తున్నది నేనెప్పుడూ చూడని కుర్రాడు. నేను మూడు స్లో బాల్స్ వేశాను. మూడూ బౌండరీ బయటే పడ్డాయి. ఆ కుర్రాడు అచ్చం మా అన్న లాగే ఒక అడుగు ముందుకొచ్చి, తాపీగా ఆగి కొట్టాడు.

ఇంకేం అర్థం కావాలి? అందరి ముందూ అన్న మీద పడ్డాను. సొంత ఊరి గుట్టు అమ్ముకున్నావన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. అన్న ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. తర్వాత నా ఇంజనీరింగ్, ఉద్యోగం, అమెరికా. పెళ్ళిళ్ళలో ఎదురైతే "బాగుండావా" అంటే "బాగుండా" అనుకోవడం తప్ప 13 ఏళ్ళు మా మధ్య మాట లేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, అదంతా ఒక టెన్నిస్ బంతి కోసం!

2011లో మా పెదనాన్న పోయారు. దినానికి వెళ్ళాను. ఆ రాత్రి బయట మంచాలేసుకుని పడుకున్నాం, ఇద్దరికీ నిద్ర రాలేదు. ఉన్నట్టుండి అన్నే అన్నాడు, "నేను చెప్పలేదు రా అబ్బయ్యా. నువ్వే చెప్పావు" అని.

నేను లేచి కూర్చున్నాను. అన్న ఒక గులకరాయి తీసి నా చేతిలో పెట్టి, బౌలింగ్‌కి పరిగెత్తినట్టు నాలుగడుగులు వెయ్యమన్నాడు. వేశాను. ఇప్పుడు స్లో బాల్‌కి వెయ్యమన్నాడు. వేశాను. "చూసుకో నీ ఎడం చెయ్యి" అన్నాడు. నా ఎడమ చెయ్యి వచ్చి కుడి చేతిలోని రాయిని కప్పేసి ఉంది! మామూలు బంతికి చెయ్యి ఊపుకుంటూ వచ్చేవాణ్ణి. స్లో బాల్ అయితే వేళ్ళు కనపడతాయని రెండో చేత్తో దాచేవాణ్ణి. దాచాను కాబట్టే దొరికాను. ఆ కుర్రాడు నా ముందు ఓవర్లు చూసి తనంతట తనే కనిపెట్టాడట.

"మరి నాకెందుకు చెప్పలేదన్నా, మనూళ్ళో ఆడేటప్పుడు?" అన్నాను. అన్న కాసేపు ఊరుకుని, "చెప్తే నన్ను అవుట్ చేస్తావు గదరా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. చావింట్లో ఏందిరా ఆ నవ్వులు అని లోపల్నించి మా అత్త అరిచింది.

జహీర్ ఖాన్ బౌలింగ్ గుర్తుందా? పరిగెత్తేటప్పుడు బంతిని రెండో చేత్తో కప్పుకునేవాడు, మెరుపు ఏ వైపుందో తెలియకుండా. నేనూ చేసింది అదే కదా అనిపించొచ్చు. తేడా ఏంటంటే, అప్పుడొకసారి ఇప్పుడొకసారి దాస్తే ఆ దాచడమే సైగ అయిపోతుంది. బంతి బంతికీ దాస్తేనే అది నిజంగా దాచినట్టు.

పెద్దవాళ్ళ ఆటలోనూ ఇలా దొరకబుచ్చుకోవడం ఉంది. 1999లో మొహాలీ టెస్టులో న్యూజిలాండ్ క్రిస్ కెయిర్న్స్ రివర్స్ స్వింగ్ వేస్తుంటే, అవతలి ఎండ్‌లో ఉన్న సచిన్ బంతి మెరుపు ఏ వైపుందో చూసి, దాన్ని బట్టి తన బ్యాటు ఈ చేతిలోనో ఆ చేతిలోనో పట్టుకునేవాడట. ద్రావిడ్‌కి అదే సమాచారం. ఆ ఇన్నింగ్స్‌లో ద్రావిడ్ 144, సచిన్ 126 నాటౌట్. టెన్నిస్‌లో అయితే బోరిస్ బెకర్ సంగతి మరీ విడ్డూరం. అగాసీ అతని చేతిలో మొదటి 3 మ్యాచులూ ఓడిపోయాడు. తర్వాత వీడియోలు చూసి చూసి, సర్వీస్ చేసే ముందు బెకర్ నాలుక ఎటు బయటికొస్తే బంతి అటు వెళ్తుందని పట్టుకున్నాడు. ఆ తర్వాత 11 మ్యాచుల్లో 10 గెలిచాడు. అగాసీకి కష్టమైంది కనిపెట్టడం కాదట, కనిపెట్టినట్టు బెకర్‌కి తెలియకుండా ఉండటం. అందుకని ముఖ్యమైన పాయింట్లకే వాడుకునేవాడు. ఇద్దరూ ఆట మానేశాక గానీ ఆ మాట బెకర్‌కి చెప్పలేదు. మా అన్న అచ్చంగా ఆ కోవలోవాడే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. 1996లో పాల్ కోచర్ అనే ఆయన ఒక పేపర్ రాశాడు. రహస్య సంకేతాలు తయారుచేసే లెక్క ఎంత గట్టిదైనా, కంప్యూటర్ ఆ లెక్క చెయ్యడానికి పట్టే సమయాన్ని కొలిచి లోపలి తాళంచెవిని రాబట్టొచ్చని అందులో చూపించాడు. ఉదాహరణకి, పాస్‌వర్డ్‌ని ఒక్కో అక్షరం పోలుస్తూ తప్పు దొరకగానే ఆగిపోయే ప్రోగ్రాం ఉందనుకోండి. మొదటి అక్షరమే తప్పైతే జవాబు త్వరగా వస్తుంది, నాలుగు సరిపోతే కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే సైగ. దీనికి మేం చేసే వైద్యం ఏంటంటే, తప్పైనా ఒప్పైనా చివరిదాకా పోల్చి ఒకే సమయంలో జవాబు వచ్చేలా రాయడం. అంటే బంతి బంతికీ ఎడమ చెయ్యి కప్పుకోవడమే!

అయితే నా ప్రోగ్రాంలో సైగ నాకు కనపడదు. ఎందుకంటే నేను లోపలి నించి చూస్తుంటాను, ఏ బంతి వెయ్యబోతున్నానో నాకు ముందే తెలుసు. బయట నించి ఇంకొకళ్ళు చూసి చెప్పాలి. ఆఫీసులో అందుకే ఒకరి కోడ్ ఇంకొకరు చదువుతాం. బతుకులో మాత్రం అలా చదివి చెప్పేవాళ్ళు తక్కువ. కనిపెట్టినవాళ్ళలో చాలామంది దాన్ని వాడుకుంటారు గానీ చెప్పరు. చెప్పినవాడు ఆ క్షణం నించి తన లాభం వదులుకున్నట్టే.

మా అన్న చివరికి చెప్పాడు. కాకపోతే నేను 13 ఏళ్ళ ముందే అడగాల్సింది. "ఎందుకు అమ్ముకున్నావు" అని అరవకుండా "నేనేం తప్పు చేశాను" అని అడిగుంటే, ఆ మైదానంలోనే చెప్పేవాడేమో.

ఇప్పుడు వారం వారం మాట్లాడుకుంటాం. పోయిన వారం "ఎట్టా ఉండావురా" అంటే "బానే ఉన్నాన్నా" అన్నాను. వెంటనే "ఏందిరా, ఎడం చెయ్యి కప్పుతున్నావు?" అన్నాడు. ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారన్న బెంగ అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ రోజు గంటసేపు చెప్పుకున్నాను.