బీచ్ రోడ్డుకు అటూ ఇటూ నిశ్శబ్దం

విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 విమానం కింద నిలబడ్డవాళ్లంతా ముందు ప్రొపెల్లర్లనే చూస్తారు. ఒక్కో ఇంజినుకు రెండేసి, ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. నాలుగు ఇంజిన్లకు ఎనిమిది. మా మేనకోడలు వాటికేసి ఒక్క చూపు చూసి, "మావయ్యా, లోపల రేడియో మనిషి ఎక్కడ కూర్చునేవాడో చూడాలి" అంది.

మేం వచ్చిందే అందుకు. తను వేరే రాష్ట్రంలో పైలట్ శిక్షణలో ఉంది. సెలవులకు ఇంటికొచ్చిన రోజే, నెల కిందట ఒక పాఠం మధ్యలో రేడియో మూగబోయిన సంగతి చెప్పింది. ఫోన్లో ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు భయపడతావని" అంది. మర్నాడు మధ్యాహ్నం నేనే బయల్దేరదీశాను.

1988లో నౌకాదళంలో చేరిన ఈ రకం విమానాలు 29 ఏళ్లు సముద్రం మీద కాపలా తిరిగాయి. 2017 మార్చిలో అరక్కోణంలో వాటికి వీడ్కోలు పలికారు. వాటిలో ఒకటి మన ఊళ్లోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగిరొచ్చి దిగింది. ఊడదీసి, ముక్కలుగా ట్రెయిలర్ల మీద బీచ్‌కి తెచ్చి, మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు.

లోపల దారి ఇరుకు. ఎటు చూసినా డయళ్లు, మీటలు. వెనక పిల్లలు తోసుకొస్తున్నారు. తను ఆ డయళ్ల ముందు ఆగి, గొంతు తగ్గించి, ఆ రోజు సంగతి మొదటినుంచీ చెప్పింది.

ఇన్‌స్ట్రుమెంట్ పాఠంలో నుదుటికి హుడ్ కడతారట. ఇంటి చూరులా ముందుకు వంగి, ఎదురుగా ఉన్న డయళ్లు తప్ప కిటికీ కనబడనివ్వదు. మబ్బులో చిక్కుకుంటే ఎలా ఉంటుందో అలా. శరీరం చెప్పేది ఏదీ నమ్మకూడదు. విమానం మలుపులో ఉన్నా లోపలి చెవి తిన్నగా పోతున్నట్టే చెబుతుంది. కాబట్టి చూపంతా సూదుల మీదే. బయటి లోకంతో మిగిలిన చుట్టరికం హెడ్‌సెట్ ఒక్కటే.

ఆ రోజు సెస్నా శిక్షణ విమానంలో తను ఎక్కడున్నదీ కంట్రోల్‌కి చెప్పింది. జవాబు లేదు. పనిలో ఉన్నారేమో అనుకుంది. మళ్లీ పిలిచింది. లేదు. అప్పుడు గమనించింది, మిగతా విమానాల మాటలూ లేవు. అంతవరకూ సంతలా ఉన్న ఫ్రీక్వెన్సీలో ఒక్క గొంతూ లేదు.

"ఏం చేశావు?"

"రేడియోకేసి చూశాను. అదే తప్పు. పక్కనున్న సార్ ఏమీ అనలేదు, ఎత్తు చూపే డయల్ మీద వేలితో కొట్టారు. రెండొందల అడుగులు దిగిపోయాను."

ముందు విమానం ఎగరాలి, తర్వాత దారి తప్పకూడదు, మాట ఆ తర్వాతే. ఈ వరస పైలట్లకు ఓనమాల్లాంటిది. ఎత్తు సరిచేసుకున్నాకే తను రేడియో మీద చెయ్యి వేసింది. వాల్యూమ్ చూసింది, హెడ్‌సెట్ ప్లగ్ నొక్కింది. రెండో రేడియోకి మారదామని చెయ్యి చాస్తుంటే, మొదటి రేడియో తెర మీద చిన్న అక్షరం ఒకటి ఆరకుండా వెలుగుతోంది. మాట బయటికి పోతోందని చెప్పే గుర్తు అది. తను మాట్లాడట్లేదు. అయినా పోతోంది.

మాట్లాడేటప్పుడు నొక్కే బటన్ ఇరుక్కుపోయింది.

విమానాల రేడియోలో నొక్కితే మాట్లాడతాం, వదిలితే వింటాం. రెండూ ఒకేసారి కుదరవు. ఒక ఫ్రీక్వెన్సీలో ఒక్కరే మాట్లాడాలి. ఇద్దరు కలబడితే వినేవాళ్లకు కీచుమనే మోత తప్ప ఏమీ అందదు. "మాకు వినబడకపోవడం ఒక్కటే కాదు మావయ్యా. ఆ రెండు నిమిషాలూ ఎవర్నీ విననివ్వలేదు. ఎవరైనా ఆపదలో ఉండి పిలిచుంటే?" అంది. ఆ మాట దగ్గర తన గొంతు వణికింది. తన భయం కన్నా ఇది తనను ఎక్కువ పట్టిందని అప్పుడు తెలిసింది నాకు.

విమానాన్ని నడిపే యోక్‌కి కట్టిన ఆ బటన్ తీగను ప్లగ్‌లోంచి లాగేశారట. గొంతులన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయట.

నిజంగానే రేడియో చచ్చిపోతే? ట్రాన్స్‌పాండర్‌లో 7600 అని పెట్టాలి. రాడార్ తెర మీద ఆ అంకె చూడగానే ఈ విమానానికి మాట లేదని కింద తెలిసిపోతుంది. ఆకాశం తేటగా ఉంటే దగ్గర్లో దిగడమే. మబ్బులో ఉంటే, చివరిసారి ఒప్పుకున్న ఎత్తూ వేగమూ రాడార్ ఉన్నచోట 7 నిమిషాలు, లేనిచోట 20 నిమిషాలు అలాగే పట్టుకుని, ఆపైన ముందే ఇచ్చిన ఫ్లైట్ ప్లాన్ ప్రకారం పోవాలి. అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి ఇది. కిందివాళ్లు ఆ దారిలో మిగతా విమానాలను పక్కకు తప్పిస్తారు. నన్ను కదిలించింది ఈ ఏర్పాటే. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అయినా అవతలివాడు ఏం చేస్తాడో ఇవతలివాడికి తెలుసు.

రన్‌వే దగ్గరికొచ్చాక టవర్ దీపంతో మాట్లాడుతుంది. నిలకడగా పచ్చ వెలిగితే దిగు. నిలకడగా ఎరుపైతే ఇంకొకరికి దారిచ్చి చుట్టు తిరుగు. ఎరుపు మినుకు మినుకుమంటే దిగొద్దు, చోటు క్షేమం కాదు. పగటిపూటైతే అర్థమైందని రెక్కలు ఊపి చెప్పాలి. అంత పెద్ద యంత్రం భుజాలు కదిపి "సరే" అనడం తలచుకుంటే నాకు ముచ్చటేసింది.

బయటికొచ్చి రోడ్డు దాటాం. ఎదురుగా కురుసుర జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో ఉన్నది. ఉప్పునీటిలోకి మామూలు రేడియో తరంగాలు చొరవు కాబట్టి, మునిగిందంటే దానికి మౌనమే. ఆ మౌనంలో దాక్కున్నవాటిని వెతకడానికి పుట్టింది టీయూ-142. శబ్దం వినే సోనోబాయ్‌లను నీళ్లలోకి జారవిడిచి, అవి రేడియోలో పంపేది పైనుంచి ఆలకించేది. రోడ్డుకు ఒక పక్క వినబడకుండా బతకడం నేర్చినది, మరో పక్క వినడమే పనిగా బతికినది.

ఇసుకలో కూర్చున్నాక తను అడిగింది, తీరం నుంచి ఎంత దూరం వరకూ మాట అందుతుందని అనుకుంటున్నావని. వీహెచ్ఎఫ్ రేడియో చూపు మేరలోనే పనిచేస్తుంది. పది వేల అడుగుల ఎత్తులో సుమారు 225 కిలోమీటర్లు. అది దాటితే, ఆకాశపు పొరలకు తగిలి వెనక్కొచ్చే హెచ్ఎఫ్ మీద ఆధారపడాలి.

నాకు 2016 జూలై 22 గుర్తొచ్చింది. తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు పొద్దున ఎనిమిదిన్నరకు లేచిన వాయుసేన ఏఎన్-32. పావుగంటకు చివరి మాట. 9:12కు రాడార్ మీంచి కూడా పోయింది. లోపల 29 మంది. అందులో 8 మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. రోజూ మనం ఎన్ఏడీ అని పిలిచే కూడలి పేరు ఆ డిపోదే. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఈ ఊళ్లో ఫోన్లు పలకని రోజులు అందరం చూశాం. అయినవాళ్ల కబురు తెలియక అల్లాడాం. కానీ అది కొన్నాళ్లలో తీరింది. ఆ ఎనిమిది ఇళ్లవాళ్లు ఏడున్నరేళ్లు ఎదురుచూశారు. 2024 జనవరిలో, చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, మనిషి లేకుండా నడిచే యంత్రం తీసిన ఫొటోల్లో ఆ విమానం ముక్కలు కనిపించాయి.

ఇదంతా చెబుతుంటే తను సముద్రంకేసే చూస్తూ ఉండిపోయింది. "వాళ్ల పైలట్ కూడా ముందు విమానాన్నే పట్టుకుని ఉంటాడు మావయ్యా. మాట్లాడే తీరిక దొరికి ఉండదు" అంది.

చీకటి పడుతుండగా ఎన్ఏడీ దగ్గర బస్సు దిగాం. తలల మీదుగా ఒక విమానం దీపాలు వేసుకుని రన్‌వేకి దిగుతోంది. "టవర్ దిగమని చెప్పేసుంటుంది ఇప్పటికే" అంటూ తను తెలియకుండానే బొటనవేలు ముడిచి, వదిలింది. దీపాలు ఇళ్ల వెనక్కి దిగిపోయి, చక్రాలు నేలను తాకిన మోత వినబడేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.