సెహ్రా వెనక మొహం

మన ఖాందాన్లో కెమెరా ఉన్న మనిషికి పెళ్లిలో కుర్చీ దొరకదు. పేపర్లో పని చేస్తాడని తెలిస్తే ఇంక బిర్యానీ వేడిగా తినే నసీబ్ కూడా ఉండదు. "నువ్వుండగా వేరేవాళ్లెందుకు భాయ్" అంటారు. కర్నూలులోనూ అంతే, కడపలోనూ అంతే. అందుకే ఈసారి, కెమెరా కొన్న మన పిల్లల కోసం నాలుగు మాటలు.

నా సంచిలో ఎక్కువగా ఉండేది ఒకటే జూమ్ లెన్సు, 24-105. స్టేజీ మొత్తం అందులోనే పడుతుంది, ఖాజీ సాబ్ చేతిలోని కలం కూడా అందులోనే. కడప పెద్ద దర్గా ఉర్సు మజ్మాలో, అందులోనూ 2024 నవంబర్‌లో రామ్ చరణ్ వచ్చినట్టు ఎవరైనా హీరో వచ్చిన రాత్రి, లెన్సు మార్చడం మాట అటుంచి మోచెయ్యి ఎత్తడానికే జాగా ఉండదు.

జూమ్‌తో తీస్తే మసకగా వస్తున్నాయని చాలామంది షికాయత్. నా తజుర్బాలో కసూర్ ఎక్కువసార్లు షట్టర్ స్పీడుది. 105 దగ్గర 1/125 కంటే తగ్గితే మన చేతి వణుకు ఫోటోలోకి వచ్చేస్తుంది. లెన్సులో స్టెబిలైజర్ ఉంది కదా అంటారు. అది మన చెయ్యిని సంభాళిస్తుంది, ఖవ్వాల్ చప్పట్లని ఎక్కడ ఆపుతుంది? వాటికి 1/250, ఒక్కోసారి ఇంకా పైన కావాలి. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ 3200 పెట్టండి, 6400 పెట్టండి. రవ్వ చల్లినట్టు దానా కనబడితే కనబడనీ. దానా ఉన్న మొహాన్ని గుర్తుపడతాం. కదిలిపోయిన మొహాన్ని ఏం చేసుకుంటాం?

షాదీఖానాల్లో ఇంకో తక్లీఫ్, ఎల్‌ఈడీ దీపాలు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం దీపం సెకనుకి వందసార్లు మిణుకుతుంది. స్పీడు పెంచితే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. అలాంటి చోట 1/100కి దిగి, మనిషి కదలని క్షణం కోసం ఆగాలి.

ఆ క్షణం ఎప్పుడొస్తుందో తెలియడంలో ఉర్దూ చదువు నాకు చాలా ఫాయిదా ఇచ్చింది. ముషాయిరాలో షాయర్ మొదటి మిస్రా చదువుతాడు, మళ్లీ చదువుతాడు. రెండో మిస్రాలో ఖాఫియా, రదీఫ్ పడగానే జనం వాహ్వా అంటూ లేస్తారు. అప్పుడు ఆయన చెయ్యి గాల్లో అలాగే నిలిచిపోతుంది, దాద్ అందుకుంటూ. అరసెకను, అంతే. ఖాఫియా వస్తోందని చెవికి తెలిస్తే వేలు ముందే తయారుగా ఉంటుంది. ఈ సంగతి ఏ కెమెరా పుస్తకంలోనూ చదవలేదు నేను.

సెహ్రా దగ్గర చాలామంది మోసపోతారు. కెమెరాకి వదిలేస్తే ముందున్న మల్లెపూలని పట్టుకుంటుంది. పూలు అద్దంలా వస్తాయి, దుల్హా మొహం పొగలో ఉన్నట్టుంటుంది. 105లో ఎఫ్/4 పెట్టి మూడు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం జానెడు కూడా ఉండదు. అందుకని ఒకే ఫోకస్ పాయింటు పెట్టుకుని కంటి మీద ఉంచండి, ఎఫ్/5.6కి వెళ్లండి, వెంటవెంటనే మూడు తీయండి. మూడింట్లో ఒకటి బతుకుతుంది. మూడు వరసల్లో నిలబడిన ఖాందాన్ అయితే 35కి వచ్చి ఎఫ్/8.

మే నెల మధ్యాహ్నం వలీమాలో దూరం నుంచి జూమ్ చేయకండి. నేల మీంచి లేచే వేడిగాలికి మనుషులు నీళ్లలో ఉన్నట్టు అల్లాడతారు. అది ఏ సెట్టింగుకీ లొంగదు, దగ్గరికి నడవాల్సిందే. లెన్సు ముందు తగిలించే చవక ఫిల్టర్ కూడా తీసేయండి. మన సీమ దుమ్ముకి మెత్తటి గుడ్డ, గాలి బుడ్డీ చాలు.

ఇంత జిద్దు ఎందుకంటే, మన కడప జిల్లా ఇళ్లలో సగం పెళ్లిళ్లకి కువైట్లో ఉన్న కొడుకు రాలేడు. సెలవు దొరకదు. వాడికి స్టేజీ అలంకారంతో పని లేదు. ఫోను మీద రెండు వేళ్లు పెట్టి అమ్మీ మొహాన్ని పెద్దది చేసి చూస్తాడు. చిక్కిందా, కళ్లకింద వాచిందా అని. చెల్లెలి రుఖ్సతీ అప్పుడు ఏడ్చిందా అని. అక్కడ మొహం చెదిరిపోతే వాడి చేతికి ఏం దక్కినట్టు?

పోయినేడు అలాంటి ఇంట్లోనే ఒక ఆపాని ఫోటోకి ఇజాజత్ అడిగాను. పర్దా మనిషి, ఆధార్ కార్డు కోసం తప్ప ఎప్పుడూ కెమెరా ముందు కూర్చోలేదట. చాలాసేపు ఆలోచించి, "మా వాడికొక్కడికే పంపు బాబూ, స్టేటస్‌లో పెట్టొద్దు" అంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, 85 దగ్గర, 1/200లో తీశాను. వాడికి పంపి, వచ్చిందని జవాబు చూసుకుని, నా ఫోన్లోంచీ కార్డులోంచీ తుడిచేశాను.